మందు కొట్టే మనిషి ఏ లెక్కలోకి వస్తాడు?

చెరకు పీక పురుగు గురించి రాస్తున్నానంటే ఇద్దరు ముగ్గురు మిత్రులు ఇన్‌బాక్సులో అడిగినారు, "అన్నా, పోరాటాల మీద రాస్తావనుకుంటే పురుగుల మీద పడ్డావేంది?" అని. పురుగు మీద రాయడమంటే మన వాడ మీద రాయడమే. ఎట్లనో కొంచెం ఓపిగ్గా చదవండి. పోస్టు పొడుగే, ఎప్పట్లాగే.

ముందు పురుగు సంగతి. శాస్త్రజ్ఞులు దీన్ని కైలో ఇన్‌ఫస్కాటెల్లస్ అంటారు. మనోళ్లు పీక పురుగు అంటారు. ఎండిన గడ్డి రంగులో ఉండే చిన్న రెక్కల పురుగు. పగలంతా ఆకుల మాటున నక్కి రాత్రిపూట తిరుగుతుంది. ఆ రెక్కల పురుగు పంటను ఏమీ చెయ్యదు. ఆకు అడుగున చేప పొలుసుల మాదిరి వరసలు వరసలుగా గుడ్లు పెట్టి తన దోవన తాను పోతుంది. చేసేదంతా పిల్ల పురుగే. నాలుగైదు రోజుల్లో గుడ్డు పగిలి బయటికొస్తుంది. మురికి తెలుపు ఒళ్లు, వీపు మీద ఐదు ఊదారంగు చారలు. నేలకు కాస్త పైన పిలకకు బెజ్జం వేసి లోపలికి దూరి మొవ్వును మొదట్లోనే కొరికేస్తుంది. ఆకులన్నీ పచ్చగా ఉంటాయి, నడిమిది మాత్రం ఎండిపోతుంది. నాటిన మొదటి మూడు నెలలు, కణుపులు పడకముందు దీని కాలం. ఎండ ముదిరేకొద్దీ, నేల ఎండేకొద్దీ ఇది బలుస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా మన కడప ఎండ ఎట్లుంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

కణుపులు పడినాక ఇంకొకటి వస్తుంది, కణుపు తొలుచు పురుగు. దాని పేరు కైలో శాకరిఫాగస్. చారలు ఐదు కాదు, నాలుగు. ఇవి కాక తెల్ల రెక్కల పురుగు ఒకటి, అది పైనుంచి మొవ్వులోకి దిగుతుంది. మొవ్వు ఎండినట్టు కనబడేది రెండింటిలోనూ ఒకటే. తేడా ఎట్ల తెలుస్తుంది? ఎండిన మొవ్వును పట్టుకుని లాగాల. సులువుగా ఊడొచ్చి, కుళ్లిన వాసన కొడితే పీక పురుగు. లాగినా రాకుండా బిగుసుకుని ఉంటే తెల్ల రెక్కల పురుగు. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. ఆమెకు అక్షరం రాదు. చానా ఏండ్ల తర్వాత వ్యవసాయ శాఖ కరపత్రంలో అదే మాట అచ్చులో చూసినా. "పరిశోధనల్లో తేలినది" అని ఉంది. కలుపు తీసేటప్పుడు వంగి వంగి వేల మొవ్వులు పీకిన ఆడోళ్ల చేతుల్లో తేలింది అని ఎవరూ రాయరు.

ఇప్పుడు ఊర్ల సంగతి. మన జిల్లాలో చెరకు ఎక్కడ పడితే అక్కడ ఉండదు. పులివెందుల పక్క చీనీ, అరటి, శనక్కాయ. జమ్మలమడుగు నల్లరేగడిలో బుడ్డ శనగ, పత్తి. చెరకు కావాలంటే కాలువ నీళ్లుండాల. ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు, చెన్నూరు పక్కకు కేసీ కాలువ నీళ్లొస్తాయి. ఆ కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, నష్టాలొచ్చి 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. కాలువ ఎవరి పొలం మీదుగా పోయిందో వాళ్లే చెరకు రైతులైనారు. తవ్వినోళ్ల పిల్లలు చెరకు కొట్టే కూలీలైనారు. చెన్నూరులో సహకార చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు నరికేదానికి మా వాడ నుంచి గుంపులు గుంపులుగా పోయేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడింది. బాకీల కోసం రైతులు ధర్నా చేస్తే పేపర్లో వచ్చింది. అది న్యాయమైన ధర్నానే. నరికిన కూలి కోసం ఎవరు ధర్నా చేసినారో నేనైతే ఏ పేపర్లోనూ చదవలేదు.

పంటలు వేరైనా కథ ఒకటే అని చెప్పడానికే మూడు ఊర్ల పేర్లూ ఎత్తినా. చెరకులో పీక పురుగు, బుడ్డ శనగలో పచ్చ పురుగు, పత్తిలో గులాబీ రంగు పురుగు, శనక్కాయలో ఎర్ర గొంగళి. అన్నీ రెక్కల పురుగుల పిల్లలే. అన్నిటికీ చివరికి వినబడే మాట ఒకటే: "మందు కొట్టాల."

ఈ "మందు" అనే మాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ని, నా అలవాటు మానుకోలేను. జ్వరానికి వేసుకునేది మందు. సారాయి కొట్లో దొరికేది మందు. పొలంలో చల్లేది మందు. అప్పులోడు ఇంటి ముందు కూర్చుంటే రైతు తాగి చచ్చేదీ మందే. పుస్తకాల్లో "క్రిమిసంహారకం", "కీటకనాశిని" అని రాసుకుంటారు, ఆ మాటల్లో కనీసం చంపేది అన్న అర్థం ఉంది. నోటి మాటలో విషం అనే అర్థం మొత్తం మాయమైపోయింది. విషం కొట్టాల రమ్మంటే మనిషి ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. మందు కొట్టాల రమ్మంటే డబ్బా వీపుకెత్తుకుని పోతాడు. భాష ఎవరి పక్క పనిచేస్తుందో చూడండి.

"రైతు" అనే మాట కూడా ఇంతే. మన కథల్లో, పాటల్లో, పేపర్లలో రైతంటే పాస్ పుస్తకం ఉన్నవాడు. పురుగు పడితే రైతు కంట కన్నీరు, ధర పడితే రైతు గుండె కోత. నా పీహెచ్‌డీ కోసం రాయలసీమ కథలు కట్టలు కట్టలు చదివినా. కరువు ఉంది, కక్షలు ఉన్నాయి, ఎండిన బావి ఉంది. వీపు మీద పదహారు లీటర్ల డబ్బా మోస్తూ, గాలి ఎదురు తిరిగినప్పుడు మొహం మీద తుంపర పడి, సాయంత్రానికి వాంతులు చేసుకునే మనిషి కథానాయకుడైన కథ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

మా చిన్నాన్న ముప్పై ఏండ్లు ఆ పని చేసినాడు. మొదట చేతి పంపు, తర్వాత తైవాన్ పంపు. ఎకరాకు ఇన్ని ట్యాంకులని లెక్క, ట్యాంకుకు ఇంత కూలి. కాబట్టి ఎన్ని ట్యాంకులు ఎక్కువ కొడితే అంత కూలి. నీడలో కూర్చుంటే డబ్బులు రావు. చల్లబడినాక కొట్టాలని, గాలికి ఎదురు నిలబడకూడదని కరపత్రం చెప్తుంది, ట్యాంకు లెక్క ఇంకోటి చెప్తుంది. "చేతులకు తొడుగులు లేవా చిన్నాయనా?" అని ఒకసారి అడిగితే ఆయన అన్నాడు: "తొడుక్కుంటే మూత తిప్పేదానికి పట్టు దొరకదు రా. మూతికి తువ్వాల కడ్తా ఉండా గదా." ఆ తువ్వాల రెండో ట్యాంకుకే తడిసిపోతుంది. తడిసిన తువ్వాల మూతికి కట్టుకోవడమంటే మందును మూతికి కట్టుకోవడమే. ఒక రోజు కళ్లు మసకలు, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. ఒక ఆసుపత్రికి తీసుకుపోతే చీటీ మీద "వడదెబ్బ" అని రాసి సెలైన్ పెట్టి పంపినారు. మే నెల కదా, వడదెబ్బ అంటే ఎవరైనా నమ్ముతారు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు చేసే పని ఒకటే. నరాల మధ్య కబురు ఆపాల్సిన ఎంజైమును అడ్డుకుంటాయి. కబురు ఆగకుండా కొడుతూనే ఉంటుంది. చొంగ, చెమట, వాంతులు, చుక్కలా కుచించుకుపోయిన కంటిపాప. కంటిపాప ఒక్కటి చూసినా వడదెబ్బ కాదని డాక్టరుకు అనుమానం రావాల. దీనికి విరుగుడు అట్రోపిన్. పురుగులో, మనిషిలో ఆ ఎంజైము ఒకటే, అందుకే మందుకు తేడా తెలియదు.

చెరకు రైతులు ఏండ్ల తరబడి సాళ్లలో చల్లిన ఫోరేట్ గుళికలు గుర్తున్నాయా? వట్టి చేత్తో, మట్టి చల్లినట్టు చల్లేవాళ్లు. 2018లో ఉత్తర్వు ఇచ్చి, 2020 డిసెంబర్ 31 నుంచి వాటిని దేశమంతా ఆపేసినారు. మనుషులకు అంత ప్రమాదమని ప్రభుత్వమే ఒప్పుకుంది. అయితే అంతకుముందు ముప్పై నలభై ఏండ్లు ఆ గుళికలు చల్లిన చేతుల సంగతేంది? ఆ చేతుల మీద ఒక్క పరీక్షైనా జరిగిందా?

ఇక్కడ చట్టం గురించి చెప్పాల. విద్యార్థులు ఈ భాగం ఫోన్లో దాచుకోండి, పనికొస్తుంది.

1958లో కేరళలో వందమందికి పైగా చనిపోయినారు. ఓడలో గోధుమలతో పాటు వచ్చిన పారాథియాన్ అనే మందు కారి తిండిలో కలిసింది. దాంతో దేశం ఉలిక్కిపడింది, విచారణ జరిగింది, 1968లో క్రిమిసంహారకాల చట్టం వచ్చింది, 1971లో నిబంధనలు వచ్చినాయి. గమనించండి, చట్టం పుట్టింది తినేవాళ్లు చచ్చినందుకు. కొట్టేవాళ్లు అంతకుముందూ చస్తూనే ఉన్నారు.

అయినా ఆ నిబంధనల్లో మంచి మాటలున్నాయి. 37వ నిబంధన ప్రకారం మందు కొట్టే పనిలో పెట్టుకునే మనిషికి పనికి ముందు వైద్య పరీక్ష చేయించాల, తర్వాత ఏడాదికొకసారి చేయించాల. 39వ నిబంధన రక్షణ దుస్తుల గురించి. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, మందు వల్ల విషప్రభావం జరిగిన ప్రతి కేసునూ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించొచ్చు. ఇవి చదివితే ఎంత బాగుందో అనిపిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల పదిహేనేండ్లలో నేను మాట్లాడిన మందు కొట్టే మనుషుల్లో ఈ పరీక్ష చేయించుకున్నవాడు ఒక్కడు కూడా తగల్లేదు. అసలు అట్లాంటిది ఒకటుందని విన్నవాడూ తగల్లేదు.

ఎందుకు తగల్లేదో 38వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. ఇంటి అవసరాలకు, పెరటి తోటకు, తన సాగులో ఉన్న భూమికి ఎవరైనా మందు వాడుకుంటే ఈ చట్టంలోనిది ఏదీ వర్తించదు అని అందులో ఉంది. చిన్న రైతును ఇన్‌స్పెక్టర్ల వేధింపు నుంచి కాపాడటానికి పెట్టిన మినహాయింపు అనుకుందాం. ఉద్దేశం చెడ్డదని నేననను. కానీ "తన సాగులో ఉన్న భూమి" అన్నప్పుడు ఆ భూమిలో డబ్బా మోసేది ఎవరు? సాగు ఒకడిది, వీపు ఇంకొకడిది. రైతు సాగు అని చెప్పి చట్టం గట్టు బయటే ఆగిపోతే, గట్టు లోపల ఉన్న కూలీ ఏమైనాడు? ఫ్యాక్టరీలో మందు తయారుచేసే కార్మికుడికి మూణ్ణెల్లకొకసారి పరీక్ష. అదే మందును నీళ్లలో కలిపి తన మీదే చల్లుకునేవాడికి దారి మూసేసినారు. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేసి ఇరవై ఏండ్లు కూడా కాకముందే, ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకునే పని ఎవరిదో చట్టం నోరెత్తకుండానే తేల్చేసింది. చచ్చిన గొడ్డును మోసినోళ్లే విషం డబ్బా మోస్తున్నారు. ఇది యాదృచ్ఛికం అనేవాళ్లుంటే, మీ ఊర్లో మందు కొట్టేదానికి ఎవరిని పిలుస్తారో, ఏ వీధికి కబురు పోతుందో ఒకసారి చూసుకోండి.

"అన్నా, చిన్న రైతు తనే కొట్టుకుంటాడు గదా, రెడ్డి అయినా బీసీ అయినా" అని కామెంట్లో రాస్తారని తెలుసు. నిజమే. రెండెకరాల వాడు తనే కొట్టుకుంటాడు, తనూ పడిపోతాడు. డీకేటీ పట్టా భూమి ఉన్న మనోళ్లూ కొట్టుకుంటారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయినప్పుడు అందులో రైతులూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. నా గొడవ రైతుతో కాదు. రైతు ఒక పొలంలో ఏడాదికి నాలుగైదు సార్లు కొడతాడు. కూలీ ఈరోజు చెరకు, రేపు పత్తి, ఎల్లుండి చీనీ తోట, అట్ల ఏడాదంతా కొడతాడు. రైతుకు జరిగితే కనీసం ఒక లెక్క ఉంది. కూలీకి జరిగితే వడదెబ్బ.

లెక్క అంటే గుర్తొచ్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022కు ఇచ్చిన అంకెలు చూడండి. వ్యవసాయంలో ఉండి ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 11,290 మంది. అందులో సాగుదారులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కూలీలే ఎక్కువ. అయినా "రైతు ఆత్మహత్యలు" అనే పేరే చర్చల్లో నడుస్తుంది. మన రాష్ట్రంలో రైతు ఆత్మహత్య అని తేలితే కుటుంబానికి 7 లక్షలు ఇచ్చే పద్ధతి పెట్టినారు, కౌలు రైతుకు సాగు హక్కు కార్డు ఉండాలన్నారు. ఆ కార్డు కోసం భూమి యజమాని సంతకం అడుక్కోవడమే ఒక పెద్ద కథ, అది ఇంకో భాగంలో రాస్తా. కూలీ కుటుంబానికి ఆ గడపలోకి అడుగే లేదు.

మరి పీక పురుగును ఏం చెయ్యాల, పంటను వదిలెయ్యాలా? అక్కర్లేదు. ఇక్కడే నాకు ఎక్కువ కోపం వచ్చేది. ఈ పురుగుకు మందు లేకుండా చెయ్యగలిగింది చానా ఉంది. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతోంది, ఇదేమీ కొత్త సంగతి కాదు. ఎండలు ముదరకముందే ముచ్చెలు నాటుకోవడం. నాటిన మూణ్ణాలుగు రోజుల్లో సాళ్ల మీద చెరకు చెత్త కప్పడం, దాంతో నేల చల్లగా, తడిగా ఉంటుంది, పీక పురుగు తగ్గుతుంది. ఎండిన మొవ్వులు పీకి పారెయ్యడం, గుడ్ల ఆకులు తుంచి కాల్చడం. పిలకల మొదళ్లకు మట్టి ఎగదోయడం. మొదట్లో కొన్ని పిలకలు పోయినా చెరకు కొత్త పిలకలు వేసి పూడ్చుకుంటుంది కాబట్టి, రెండు మొవ్వులు ఎండగానే డబ్బా ఎత్తాల్సిన పని లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ట్రైకోగ్రామా. చీమ కంటే చిన్న కందిరీగ. రెక్కల పురుగు పెట్టిన గుడ్డులో ఇది తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టకముందే అయిపోతుంది. అట్ట ముక్క మీద వేల గుడ్లు అంటించి కార్డులుగా ఇస్తారు, ఎకరాకు ఇరవై వేల లెక్కన ఆకుల అడుగున కట్టాల, కొన్ని రోజులు ఎడమిచ్చి మళ్లీ కట్టాల. ఆ కార్డు తయారుచేసేది దేని గుడ్ల మీదో తెలుసా? మన ఇంట్లో బియ్యంలో గూళ్లు కట్టే రెక్కల పురుగుంటుంది కదా, దాని గుడ్ల మీద. ఒక రెక్కల పురుగు గుడ్డుతో ఇంకో రెక్కల పురుగును ఆపడం. అయితే కార్డు కట్టిన వారంలోనే మందు కొడితే ఆ కందిరీగలన్నీ చస్తాయి, కార్డు డబ్బులు వృథా. ఈ ఒక్క ముక్క డబ్బా మోసేవాడికి ఎవరూ చెప్పరు.

ఎందుకంటే అవగాహన సదస్సుకు పిలిచేది రైతులను. టెంట్ కింద ముందు వరసలో పాస్ పుస్తకాలు కూర్చుంటాయి. మొవ్వు పీకేది, చెత్త కప్పేది, గుడ్ల ఆకు తుంచేది, మట్టి ఎగదోసేది ఎవరో చూస్తే, నేను పైన రాసిన మందు లేని పద్ధతుల్లో ప్రతి ఒక్కటీ కూలీ పనే, అందులోనూ ఎక్కువ ఆడోళ్ల పని. పని చేసేవాళ్లను పిలవకుండా పని గురించి పాఠం చెప్తే ఆ పాఠం ఎక్కడికి పోతుంది? దుకాణం దగ్గరికి పోతుంది. "పురుగు పడింది, ఏదన్నా ఇయ్యి" అంటాడు రైతు. దుకాణదారుడు రెండు సీసాలు కలిపి కొట్టమంటాడు. సీసా మీద ఎర్ర ముక్కోణం ఉందా, ఆకుపచ్చ ముక్కోణం ఉందా అనేది మోసేవాడు చూసేసరికే సీసా ఖాళీ. ఆకుపచ్చ గుర్తు మందులు కూడా ఉన్నాయి, చెరకు పీక పురుగుకే ఉన్నాయి, మనిషికి ప్రమాదం తక్కువ. ధర ఎక్కువ. ఆ ధరల తేడాను ఎవరి ఒంటి మీద మిగుల్చుకుంటున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

చెరకు, రెక్కల పురుగు, మన మనుషులు, ఈ ముగ్గురి ప్రయాణం చానా పాతది. 1834 తర్వాత మారిషస్‌కు ఒప్పంద కూలీలను ఎక్కించుకుపోయినారు, కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలని పేరే పడింది. నేను పైన చెప్పిన నాలుగు చారల కణుపు పురుగు జాతి కూడా దాదాపు ఆ కాలంలోనే, చెరకు ముచ్చెలతో పాటు సముద్రం దాటి మారిషస్ చేరింది. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో నటాల్ తీరం చేరింది, వాళ్లూ చెరకు కోసమే. ఆ ఓడల జాబితాల్లో పేరు, ఊరు, వయసు, కులం రాసుకున్నారు. పురుగు ఎక్కడినుంచి వచ్చింది, ఎట్ల వచ్చింది అని తోటల యజమానులు శ్రద్ధగా పరిశోధన చేయించుకున్నారు. అప్పుడు కూడా పురుగు మీద ఉన్న ఆసక్తి మనిషి మీద లేదు.

కొత్త చట్టం వస్తుందని చానా రోజుల నుంచి వింటున్నాం. 2008లో ఒక బిల్లు, 2020 మార్చిలో రాజ్యసభలో ఇంకో బిల్లు, రెండూ చట్టం కాలేదు. మళ్లీ ఎప్పుడు చర్చకొచ్చినా మనం అడగాల్సింది ఒకటే: సాగుదారు తన భూమిలో తను కొట్టుకుంటే మినహాయింపు ఇవ్వండి, కూలికి ఇంకొకరిని పెట్టి కొట్టిస్తే ఆ మినహాయింపు వర్తించదని రాయండి. పరీక్ష ఖర్చు రైతు మీద వేయమనడం లేదు. అమ్మిన ప్రతి సీసా మీద కంపెనీ కట్టాల, పీహెచ్‌సీలో పరీక్ష ఉచితంగా జరగాల.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. యోగి వేమన యూనివర్సిటీ పిల్లలు, ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీల పిల్లలు, మీలో చానామంది ఇండ్లల్లోనే మందు కొట్టే మనిషి ఉన్నాడు. ముందు మీ వాడలో పేర్లు రాయండి: ఎవరు కొడతారు, ఏడాదిలో ఎన్ని రోజులు, ఏ పంటకు, ఏ మందు, కొట్టిన సాయంత్రం ఏమవుతుంది. ఖాళీ సీసాల మీది ముక్కోణం ఫోటో తీయండి. తర్వాత మండల వ్యవసాయ అధికారికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, పురుగు మందుల ఇన్‌స్పెక్టర్ ఆయనే. మన రాష్ట్రంలో మండల స్థాయికి ఫీజు 5 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల. అడగాల్సినవి: మందు కొట్టే కూలీలకు గత మూడేండ్లలో ఎన్ని శిక్షణలు పెట్టినారు, 37వ నిబంధన కింద ఎంతమందికి పరీక్ష జరిగింది, 26వ సెక్షన్ కింద ఎన్ని కేసులు నమోదైనాయి. అదే రోజు పీహెచ్‌సీకి వేరే దరఖాస్తు: అట్రోపిన్ నిల్వ ఎంత, మార్చి నుంచి జూన్ దాకా వడదెబ్బ అని రాసిన కేసులు ఎన్ని.

ఆ చివరి అంకె నాకు పంపండి. మూడు నియోజకవర్గాల నుంచి వచ్చినవన్నీ వచ్చే భాగంలో వేస్తా. దరఖాస్తు నమూనా కింద కామెంట్లో పెడుతున్నా.

జై భీమ్.